బెంచి మీద ఒక్కతే

జనగామ పోటీలు వారం దూరంలోకి వచ్చేసరికి బాస్కెట్‌బాల్ జట్టులో ఆరుగురే మిగిలారు. మరిపెడ దగ్గరి ఆ బడిలో దసరా నాటికి పదిమంది ఆడేవారు. మిరపతోటలు పండగానే నలుగురు తల్లుల వెంట కాయ ఏరడానికి పోయారు. ఉన్నవాళ్ళలో ఐదుగురు ఆడితే బెంచి మీద ఉండేది గోరీ ఒక్కతే. ఎనిమిదో తరగతి పిల్ల. బంతి చేతికొస్తే ఎవరికివ్వాలో తోచక గుండెకు హత్తుకుని నిలబడేది.

కెప్టెన్ శాంతికి ఇది మింగుడుపడలేదు. ప్రాక్టీసయ్యాక వ్యాయామం సారు మంగీలాల్ దగ్గరికి పోయింది.

"సార్, ఇంకో ఇద్దరినన్న తీస్కుందం. ఐదు ఫౌల్లయి ఎవరన్న బయటికి పోతే ఎవరు దిగుతరు?"

"ఎవరిని తీస్కొమ్మంటవ్? ఏటేటా చూస్తనే ఉన్న. నేర్పుత, జర చేతికొస్తరు, పోతరు. మీ ఐదుగురు గట్టిగున్నరు. ఫౌల్లు చెయ్యకుండ ఆడుండ్రి."

"ఆఖర్ల కాళ్ళు లేస్తలేవు సార్. పోయినసారి గట్లనే ఓడినం. కొత్తోళ్ళను చిన్న మ్యాచుల్లనన్న దించితే టీంల నిలుస్తుండిరి."

"దించితే ఆ చిన్న మ్యాచులు గూడ ఓడుతుంటిమి." ఆయన గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నీకు దొరికితే తోల్కరా. నేనొద్దంటనా?"

ఆదివారం శాంతి తండాకు పోయింది. వెళ్ళిపోయిన నలుగురిలో కాస్త ఆట వచ్చింది సీతాబాయి కూతురు శిరీషకే. తల్లీకూతుళ్ళిద్దరూ చేనులోనే ఉన్నారు. సీతాబాయి కాయ ఏరుతూనే అంతా విన్నది.

"పంపుత బిడ్డా. గని ఆడుతదా, కూసుంటదా?"

శాంతికి అబద్ధం నోటికి రాలేదు. "ముందుగాల కూసుంటదమ్మా. ఎవరన్న బయటికొస్తే ఆడుతది."

"ఎవరు రాకపోతే?"

శాంతి వంగి కింద రాలిన కాయ ఒకటి తీసి ఆమె చేతికిచ్చింది.

"కూసునేటందుకు గంత దూరం ఎందుకమ్మా," అంది సీతాబాయి మెల్లగా. శిరీష ఒకసారి తలెత్తి శాంతిని చూసింది. మళ్ళీ చెట్ల మధ్యకు వంగింది.

జనగామలో సగం ఆట దాకా వీళ్ళదే పైచేయి. ఎదుటి జట్టు బెంచి నిండా పిల్లలే. ఆయాసపడ్డవాళ్ళు పోయి కూర్చుంటే కొత్తవాళ్ళు దిగుతున్నారు. వీళ్ళను మార్చేవాళ్ళు లేరు. కాళ్ళు అందుకోలేని చోట చేతులు అడ్డం పోయాయి, ఫౌలంటూ ఈల మీద ఈల పడింది. ముందు రాణి ఐదు ఫౌల్లతో బయటికొచ్చింది, గోరీ దిగింది. ఆ తరవాత ఐదో ఫౌల్ శాంతిది.

ఆమె వచ్చి రాణి పక్కన కూర్చుంది. దిగడానికి ఇంకెవరూ లేరు. కోర్టులో నలుగురే ఉన్నారు. మంగీలాల్ సారు కేకలు మానేసి నేల చూస్తూ నిలబడ్డాడు. తను చెప్పిందే నిజమైందని శాంతికి ఆ క్షణాన అనిపించలేదు. చెప్పినా చేయగలిగిందేముందని మాత్రం అనిపించింది. చివరి నిమిషాల్లో అడ్డుకునేవాళ్ళు లేక అవతలివాళ్ళు తీరిగ్గా బుట్టలో బంతి వేసి గెలిచారు.

బస్టాండులో సారు శాంతిని పక్కకు పిలిచాడు. "వచ్చే ఏడు టీం పెట్టనమ్మా. నాతోటి కాదు."

శాంతి ఈసారి వాదించలేదు. పదో తరగతి అయిపోతే తనూ ఉండదు.

బస్సులో గోరీ పక్కన వచ్చి కూర్చుంది. మోచేయి చెక్కుకుపోయి ఉంది, ముఖం మాత్రం వెలుగుతోంది.

"అక్కా, నేను మంచిగ ఆడిన్నా?"

"మంచిగనే ఆడినవ్."

"వచ్చే ఏడు మొదటి సంది దిగుత."

శాంతి ఊఁ అని కిటికీ వైపు తిరిగింది.