ఎవరు తవ్వితే వాళ్లది

మంచు తవ్వడానికి హలీనా లేచేసరికి మొగుడూ అత్తగారూ పోటీపడి గురకలు పెడుతున్నారు. షికాగోలో ఫిబ్రవరి మంచు చూడ్డానికే బాగుంటుంది. అడుగున రాయిలా గడ్డకట్టి, పైన నీళ్లోడుతూ, పార ఎత్తినప్పుడల్లా నడుం విరిచేస్తుంది. ఇంటి ముందు కారు పట్టేంత చోటు తవ్వేసరికి ఆమె వేళ్లు మొద్దుబారాయి. చిటికెన వేలు అన్నిటికన్నా ముందు మొద్దుబారుతుంది. సూప్‌లో ఉప్పెక్కువైందని రిచీ ఒకప్పుడు తలుపు సందున పెట్టి నొక్కిన వేలు అది. ఆసుపత్రిలో "గాలికి తలుపు పడింది" అని చెప్పింది హలీనాయే. పాపం గాలి, ఆ ఇంట్లో ఎన్ని నేరాలు నెత్తినేసుకుందో.

తవ్వడం అయ్యాక రిచీ తీరిగ్గా వచ్చి, కారు బయటికి తీసి, వంటింట్లోని నీలం రెక్సిన్ కుర్చీ తెచ్చి ఖాళీ అయిన చోట మధ్యలో పెట్టి పనికి వెళ్లిపోయాడు. ఆ ఊరి పద్ధతి అది. మంచు కరిగేదాకా ఎవరు తవ్విన చోటు వాళ్లది. కుర్చీ కనబడితే ఇంకొకళ్లు అక్కడ కారు పెట్టకూడదు. ప్రభుత్వం ఒప్పుకోదు గానీ, ఆ వీధిలోని పోలిష్ ఇళ్లకి అది పాదరీగారి మాటకన్నా గట్టిది. "ఎవరు తవ్వితే వాళ్లది!" అని వీధి కాపలా కమిటీ అధ్యక్షుడి హోదాలో రిచీ ఏటా చర్చి హాల్లో బల్ల గుద్ది చెబుతాడు. అందరూ చప్పట్లు కొడతారు. తవ్వేదెవరని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఆ కుర్చీ హలీనాది. వంటింట్లో నాలుగుండేవి. ఒకటి రిచీది, ఒకటి అత్తగారిది, మూడోది పోయిన మామగారిది. చచ్చిపోయినాయన కుర్చీ వీధిలో పెడితే ఆత్మ క్షోభిస్తుందట. "నీదే తీసుకెళ్తాలే, నువ్వెలాగూ నిలబడే తింటావు కదా" అన్నాడు రిచీ మొదటిసారి. "నిలబడి తింటే నడుమైనా సన్నబడుతుందమ్మాయ్" అని అత్తగారు పళ్లులేని నోటితో నవ్వింది. అప్పట్నుంచీ చలికాలమంతా హలీనా సింకు పక్కన పళ్లెం పెట్టుకుని తింటోంది. చనిపోయినవాడికున్న కుర్చీ బతికున్న తనకి లేకపోయిందే అని మొదట్లో కడుపు రగిలిపోయేది. తర్వాత కాళ్లే నొప్పి పుట్టేవి.

ఆ రోజు ఈస్టరు ఉపవాసాల ముందటి మంగళవారం. పోలిష్ వాళ్లు ఇంటింటా పోంచ్కీలనే జామ్ బూరెలు వేయించే రోజు. హలీనా నూనె కాగబెట్టి, పిండి ముద్దల్లో ప్లమ్ పండ్ల జామ్ కూరుతూ కిటికీలోంచి చూసింది. పక్కింటి స్తాషా ముసలమ్మకి స్నానం చేయించడానికొచ్చే యెసేనియా చోటు దొరక్క కారుతో వీధంతా చక్కర్లు కొడుతోంది. మెక్సికో వాళ్ల పిల్ల, చురుకైనది, ఎప్పుడూ "బాగున్నారా అమ్మా?" అంటుంది. హలీనా కిటికీ తట్టింది. కుర్చీ తీసేసి పెట్టుకో అని పిండి చేత్తో సైగ చేసింది. రిచీ సాయంత్రం దాకా రాడు, అయినా తవ్వింది నేనే కదా అనుకుంది.

రిచీ మధ్యాహ్నమే వచ్చాడు. కారు వెనక సందులో ఆపి, మఫ్లరు కళ్లదాకా లాక్కుని, మంచుగడ్డలు పగలగొట్టే ఇనపకడ్డీతో వీధిలోకి నడిచాడు. ముందుగా యెసేనియా కారు అద్దం పగిలింది. చప్పుడుకి యెసేనియా సబ్బు నురగ కారుతున్న చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. కడ్డీ ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కిటికీ లోపలికి వినబడింది. పడిపోయిన పిల్లని లేవనివ్వకుండా భుజం మీద ఇంకో దెబ్బ, నుదుటి మీద ఇంకోటి. నురగా రక్తమూ కలిసి మంచులోకి ఇంకాయి. వీధిలో కొన్ని తెరలు కదిలాయి, మళ్లీ మూసుకున్నాయి. హలీనా కేక వేయలేదు. వెనక పోంచ్కీలు మాడి వంటిల్లంతా పొగ నిండినా కదల్లేదు. ఆ సిగ్గు ఆమెకి చచ్చేదాకా పోదు.

వెనక తలుపులోంచి వచ్చి రిచీ కడ్డీని సింకులో కుళాయి కింద పెట్టి గబగబా కడిగాడు. "మన వీధికొచ్చి మన చోటు లాక్కుంటారా వీళ్లు!" అని రొప్పాడు. తర్వాత హలీనా జుట్టు పట్టుకుని ముఖాన్ని కాగుతున్న నూనె మీదికి వంచాడు. చుక్కలు చిటచిటమని చెంప మీద పడ్డాయి.

"నేను పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నా. సూప్ తాగుతున్నా. ఏమే, అర్థమైందా?"

"వాడు చెప్పినట్టే చెప్పు తల్లీ, మొహం కాలితే నిన్నెవరు చూస్తారు?" అంది అత్తగారు తన కుర్చీలోంచి.

రిచీ జుట్టు వదిలేసి, "దాన్ని నువ్వు శుభ్రంగా కడిగి పెట్టు" అని సింకు వైపు చూపించి వెళ్లాడు. హలీనా పొయ్యి ఆర్పింది. చెంప మంట పెడుతుంటే కడ్డీని చాలాసేపు చూసింది. గుడ్డలో చుట్టి సింకు కింద పెట్టింది.

మర్నాడు ఉపవాసాలు మొదలయ్యే బూడిద బుధవారం. సాయంత్రం చర్చి కింది హాల్లో ఈ గొడవ మీద వీధి కమిటీ సమావేశం, అందరి నుదుటా పాదరీగారు పెట్టిన బూడిద సిలువలే. రిచీ నుదుటి మీద మరీ నల్లగా ఉంది. పోలీసాయన కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. యెసేనియా కట్టు కట్టిన చేత్తో, నుదుటి మీద కుట్లతో చివర కూర్చుంది.

"కొట్టినవాడి ముఖం కనబడలేదు సార్" అంది.

"ఆ చోట కారు పెట్టమని ఎవరైనా చెప్పారా?" అన్నాడు పోలీసాయన.

యెసేనియా తల దించుకుంది. "ఎవరూ లేరు. తప్పు నాదే."

"చూశారా!" అన్నాడు రిచీ. "దెబ్బలు తగలడం బాధాకరమే. ఎవరో తాగుబోతు వెధవ చేసుంటాడు. కానీ కుర్చీ తీయడం కూడా తప్పే కదండీ? నేనైతే ఇంట్లో సూప్ తాగుతున్నా, మా ఆవిణ్ణే అడగండి. ఏదీ, ఇంకా రాలేదే..."

హలీనా అప్పుడే మెట్లు దిగింది, నీలం కుర్చీ చంకన పెట్టుకుని. కంచె పక్కన మంచులో పడున్నదాన్ని తనే తెచ్చుకుంది. హాలు మధ్యలో దింపి, దాని మీద కూర్చుంది. కుర్చీ గట్టిగానే ఉంది.

"రిచీ, మన వీధి పద్ధతేంటో ఇంకోసారి చెప్పు."

"ఇప్పుడదెందుకే? ఎవరు తవ్వితే వాళ్లది."

"తవ్వింది నేను. నా చోటు. ఆ పిల్లని పెట్టుకోమన్నది నేనే." హలీనా కాలిన చెంపని పోలీసాయన వైపు తిప్పింది. "ఈయన సూప్ తాగలేదు సార్. ఇనపకడ్డీ మా సింకు కింద ఉంది. దాన్ని ఈయనే కడిగాడు. పుట్టి బుద్ధెరిగాక గరిటె కూడా కడిగి ఎరగడు కదా, రక్తం ఇంకా అలాగే ఉంది."