ఊరికి ఊరు

సిరానూష్ ఆంటీకి కాలు ఒకచోట నిలవదు. న్యూజిలాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో ఆమె కూతురి ఇంటి వెనక గదిలో నేనూ మా ఆయన మహేంద్రా అద్దెకు దిగి రెండేళ్లవుతోంది. ఆమె కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. ఈ వారం మరీ కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరుగుతుంటే నాకు విసుగొచ్చింది.

"ఏమైందో చెప్పండి ఆంటీ, లేదంటే కూర్చోండి," అన్నాను.

చెప్పింది. కాకసస్ కొండల్లో, అజర్‌బైజాన్‌లో ఆమె పుట్టిన ఊరంతా అర్మేనియన్లదే. 1989లో రెండు జాతుల మధ్య గొడవలు ముదిరి ప్రాణాల మీదికొచ్చినప్పుడు, అర్మేనియాలోని ఒక అజర్‌బైజానీల ఊరితో వీళ్లు ఊరికి ఊరే మార్చుకున్నారు. ఇంటికి ఇల్లు, తోటకు తోట. సమాధులను మోసుకెళ్లలేరు కనుక ఒట్టు పెట్టుకున్నారు: మీవాళ్లను మేం చూస్తాం, మావాళ్లను మీరు చూడండి. ఆంటీ వాళ్ల అమ్మ సమాధి రసీమ్ అనే అతని వంతుకొచ్చింది. అతని నాన్న సమాధి ఆంటీ వంతుకొచ్చింది.

ఆ కొత్త ఊళ్లో బతుకుతెరువు లేదు. వయసులో ఉన్నవాళ్లు రష్యాకు పోయారు, ముసలివాళ్లు మట్టిలో కలిశారు, బడి మూతపడింది. మూడేళ్ల కిందట, 2003లో, ఆంటీ కూడా కూతురి దగ్గరికి వచ్చేసింది. ఇక్కణ్ణుంచి అప్పుడప్పుడూ రసీమ్‌కు ఫోన్ చేసి, ఊళ్లోనే ఉన్నాననీ, మీ నాన్న సమాధి శుభ్రంగా ఉందనీ చెబుతూ వచ్చింది. నిజం తెలిస్తే తన తల్లిని గాలికి వదిలేస్తాడని భయం. ఇప్పుడతను సమాధి ఫోటో పంపమన్నాడు.

నాకు చిరాకేసింది. మా నాన్న అస్థికలు కృష్ణలో కలిపేశాం. కలుపు తీయాల్సిన చోటంటూ మాకు లేదు. ఒక రాయి కోసం మూడేళ్లు అబద్ధమాడడమేమిటి?

మహేంద్ర మాత్రం, "పోన్లే నిరూ, ఆంటీకి ఈ ఫోన్ కార్డ్ ఇవ్వు. ఉన్నదున్నట్టు చెప్పేయమను. నానిస్తే ఇంకా టెన్షనే కదా," అన్నాడు.

ఆంటీ నా ఎదుటే ఫోన్ చేసింది. మాటలన్నీ ఇద్దరికీ వచ్చిన రష్యన్‌లో, పెట్టేశాక పూసగుచ్చినట్టు నాకు ఇంగ్లీషులో చెప్పింది.

"రసీమ్, నేను ఊళ్లో లేను. న్యూజిలాండ్‌లో ఉన్నాను," అందట.

"తెలుసు. నువ్వు మొదటిసారి చేసినప్పుడే తెలిసింది. మన రెండు దేశాల యుద్ధం తర్వాత అర్మేనియా నుంచి మాకు లైను కలవదు కదా, సిరానూష్."

"మరి మా అమ్మ?"

"మొన్ననే గడ్డి కోశాను. ఊరు వదిలింది నువ్వు, ఆవిడ కాదుగా."

"అంతా తెలిసి ఫోటో ఎందుకడిగావు?"

అప్పుడు అసలు మాట చెప్పాడట: "ఆ మిషతోనైనా ఎవరినైనా పంపుతావేమోనని ఆశపడ్డాను. నన్ను ఆ సరిహద్దు దాటనివ్వరు."

ఇంతవరకూ చెప్పి ఆంటీ భోరున ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. టీ పెడతానని లేచాను.

టీ వద్దంది. కళ్లు తుడుచుకుని మళ్లీ వరండాలోకి నడిచింది, వెంటనే వెనక్కొచ్చింది.

"ఏప్రిల్‌కి టికెట్ చూడు. అప్పటికి అక్కడ మంచు కరుగుతుంది," అంది. "మా అమ్మ దగ్గర గడ్డి లేదు. వాళ్ల నాన్న మీద మూడేళ్ల గడ్డి ఉంది."