ఖాళీగా ఇవ్వకూడని గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. అడుగున సొట్ట ఉందని, అంచున గీతలు పడ్డాయని చిన్నచూపు చూడకండి. వెండి గిన్నెలు బీరువాల్లో మగ్గుతుంటే నేను నాలుగిళ్ళూ తిరిగాను. మనుషులు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. నేను వంటింటి దాకా వెళ్తాను. అందుకే ఎవరింట్లో ఏముందో, ఏం లేదో నాకే బాగా తెలుసు.

పుట్టుక గురించి గొప్పలేం లేవు. ఏదో కార్ఖానాలో రేకును అచ్చులో పెట్టి గట్టిగా నొక్కారు, గిన్నెనయ్యాను. కాకినాడలో ఒక సామాన్ల కొట్లో బోర్లించి ఉంటే విశాలాక్షి వచ్చి కొంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే పిల్ల అప్పుడు. అందిన మొదటి జీతంతో కొన్న మొదటి వస్తువును నేనే. కొట్టు బయట పేర్లు చెక్కే మనిషి చేత నా మీద తన పేరు చుక్కలు చుక్కలుగా పొడిపించింది. నొప్పి పుట్టిన మాట నిజమే కానీ, ఆమె ముఖం చూసి నేనూ గర్వపడ్డాను.

ఆ గర్వానికి కారణం ఉంది. చిన్నప్పుడే తండ్రి పోతే ఆమె మేనమామ ఇంట పెరిగింది. కంచంలో అన్నం పడ్డప్పుడల్లా ‘మా తిండి తిని’ అనే మాట కూడా పడేది. ఏ పూటైనా కూర తక్కువయ్యేదేమో, ఆ మాట మాత్రం తక్కువయ్యేది కాదు. దాంతో ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంది: ఒకరి ముద్ద ఊరికే తినను, తింటే పొద్దు గూకేలోగా తీర్చేస్తాను. ఆ పట్టుదలే ఆమెను నిలబెట్టింది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు ఏడవనూ లేదు. ఒంటరి ఆడమనిషిని చూడగానే ‘అయ్యో పాపం’ అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఒక్కతే ఉండడం ఆమెకు ఎప్పుడూ జబ్బు కాలేదు. ఆ ఒట్టు మాత్రం వయసుతో పాటు ముదిరి జబ్బయింది.

కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, జగన్నాథపురంలో రెండు వాటాల పెంకుటింట్లో ఒక వాటా అద్దెకు తీసుకుంది. పక్క వాటాలోకి నూకరత్నం దిగింది. ఆమె మొగుడు ఎల్లాజీ బోటు మీద వేటకు వెళ్తాడు. దిగిన కొత్తలోనే రొయ్యల ఇగురు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. విశాలాక్షి లొట్టలేసుకుంటూ తింది. సాయంత్రానికల్లా పళ్ళెం తోమి, ఇగురుకు సరిపడా బిస్కెట్ పొట్లం అందులో పెట్టి ఇచ్చేసింది. ఎప్పుడు ఏం తెచ్చినా ఇదే తంతు.

“ఇదేంటండీ మేడం గారూ, బేరవాండీ?” అని నూకరత్నం నవ్వింది. ఈవిడ నవ్వలేదు.

ఎండలు ముదిరాక విశాలాక్షికి జ్వరం తగిలింది. నూకరత్నం పూటపూటకూ జావ కాచి తెచ్చింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. లేచి తిరిగేసరికి ఈ మహాతల్లికి కొత్త బెంగ పట్టుకుంది. జ్వరం పోయింది, తాగిన జావ మాత్రం తీరలేదట! ఓపిక లేకపోయినా పాలతాలికలు వండి, నా నిండా పోసి, పక్క వాటాలో ఇచ్చేసి ‘హమ్మయ్య’ అనుకుంటూ వచ్చేసింది. నేను అక్కడ ఇరుక్కుపోయాను.

మా వైపు ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. అవి సముద్రంలో వేట నిషేధించిన రోజులు, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఎల్లాజీ పొరుగూరికి కూలికి పోయాడు, ఇంకా ఏమీ పంపలేదు. నూకరత్నం డబ్బాలన్నీ మూతలు తీసి చూసుకుంది. నన్ను శుభ్రంగా తోమి, తుడిచి, గూట్లో పెట్టేసింది. ఆ రోజు నుంచి మేడం గారి కంట పడకుండా తెల్లారకముందే కుళాయికి వెళ్ళి వచ్చేది.

గోడకు ఇవతల నూకరత్నం సిగ్గుతో చస్తోంది. అవతల విశాలాక్షి ‘గిన్నె ఉంచుకుని మొహం చాటేసింది, మనుషులింతే’ అనుకుంటోంది. ఆ మాట నాకెలా తెలుసంటే, ఆమె రేడియోతో మాట్లాడుతుంది, గోడ మీంచి అంతా వినబడుతుంది. వార్తలు చదివే అమ్మాయికి కూడా జవాబు చెప్తుంది. కొన్నాళ్ళకు ఆ రేడియో కూడా ఆగిపోయింది. తర్వాత పోపు చిటపటలు ఆగిపోయాయి. మనసు విరిగి వండుకోవడం మానేసిందన్నమాట. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ రోషమే. మంచివాళ్ళ రోషం మధ్య గిన్నెగా పుట్టడం కంటే దరిద్రం లేదు. కాళ్ళుంటే ఖాళీగానే నడిచి వెళ్ళిపోయేదాన్ని!

ఒక మధ్యాహ్నం విశాలాక్షే వచ్చి గుమ్మంలో నిలబడింది. చిక్కి సగమైంది.

“నా గిన్నె, నూకరత్నం.”

“రేపు ఇత్తానండి.”

“అదుగో, గూట్లోనే ఉందిగా. ఇప్పుడివ్వడానికేం?”

నూకరత్నం తల దించుకుంది. “ఖాళీగా ఎలా ఇత్తానండి? ఇంట్లో బెల్లం ముక్క కూడా లేదండి. వేట మొదలైతే నింపి ఇద్దావని చూత్తన్నానండి.”

 ఆ దించుకున్న తల విశాలాక్షికి బాగా తెలిసినదే. మేనమామ ఇంట్లో తన తల కూడా అలాగే ఉండేది. పెట్టిన ముద్దకల్లా లెక్క కట్టి తీర్చేస్తూ, ఇన్నాళ్ళూ ఆ తలను వంచుతున్నది ఎవరో ఆమెకు అర్థమైంది. మెల్లగా వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది.

“ఏం వండావు?”

“వండడానికేవుందండి. గంజి.”

“ఆ గిన్నెలోనే పొయ్యి. ఆకలేస్తోంది.”

“మీరు తాగేది కాదండి.”

“పొయ్యమన్నానా! ఉప్పు కూడా వెయ్యి.”

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకరిని తిండి అడగడం అదే మొదలు. తాగేటప్పుడు కళ్ళు నిండాయి. తాగి, నన్ను అక్కడే పెట్టి, ఏమీ తీర్చకుండా ఇంటికి వెళ్ళి, కంటినిండా నిద్రపోయింది.

ఆ తర్వాత నేను చేపలతో వెళ్ళాను, చారుతో వచ్చాను, చాలాసార్లు ఖాళీగానే వెళ్ళాను, వచ్చాను. ఖాళీ గిన్నె గుమ్మం తొక్కకూడదని చెప్పినవాళ్ళెవరో నా ముందుకొచ్చి చెప్పమనండి. నూకరత్నం పళ్ళెం ఒకటి మా ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఉండిపోయింది. విశాలాక్షి ఇవ్వదు, నూకరత్నం అడగదు.

తోమీ తోమీ నా మీది పేరు అరిగిపోయింది. మొన్న పాతసామాన్ల బండివాడు వచ్చి, అరుగు మీద ఉన్న నన్ను ఎత్తి సొట్ట చూశాడు. “ఎవరిదమ్మా ఈ గిన్నె? ఇచ్చేత్తారా?”

“వాళ్ళది,” అంది విశాలాక్షి పక్క గుమ్మం చూపించి.

“మాది కాదు, మేడం గారిది,” అంది నూకరత్నం.

వాడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నన్ను ఉన్నచోటే పెట్టేసి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.