అవ్వకు ఇన్సులిన్

ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఆళ్లగడ్డలో రంగనాయకమ్మ ఇన్సులిన్ వద్దని మూడోసారి చెప్పింది. ఆమెకు డెబ్భై దాటాయి. కుడికాలి బొటనవేలి పుండు నెల రోజులుగా మానలేదు. చక్కెర తగ్గకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని నంద్యాల డాక్టరు చెప్పాడు.

కొడుకు మహీధర్‌కు బజార్లో కిరాణా కొట్టు. ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. ఇన్సులిన్ పంది నుంచి తీస్తారని పక్క కొట్టు నారాయణ ఆమెతో అన్నాడు.

నంద్యాలలో బయోటెక్నాలజీ చదువుతున్న మనవరాలు సంధ్య మొదటి బస్సుకు వచ్చింది.

"నారాయణన్న చెప్పింది అబద్ధం గాదవ్వా. ముందర పందుల నుంచే తీస్తాండ్రి. ఇప్పుడు మనిషి ఇన్సులిన్నే బ్యాక్టీరియాతో చేయిస్తాండారు."

"మనిషిదా? ఎవురిదంట?"

మహీధర్ నవ్వాడు. సంధ్య నవ్వలేదు.

"ఎవురిదీ గాదు. ఇన్సులిన్ ఎట్ల చేయాలో చెప్పే జన్యువు మన ఒంట్లో ఉంటాది. అట్లాంటిదే ల్యాబులో తయారుచేసినారు. బ్యాక్టీరియాలో గుండ్రంగా చిన్న డీఎన్ఏ ఉంటాది. దాన్ని ఒక ఎంజైముతో కత్తిరించి, ఈ జన్యువును మధ్యలో పెట్టి, ఇంకో ఎంజైముతో అతికిస్తారు. మళ్లీ బ్యాక్టీరియాలోకి పంపిస్తారు. తోడేసిన పాలు తెల్లారేసరికి పెరుగైతాయే, అట్లా ట్యాంకుల్లో అది పెరుగుతా, ఇన్సులిన్ చేస్తా పోతాది. ఆఖర్న బ్యాక్టీరియాను తీసేసి ఇన్సులిన్ ఒక్కటే శుద్ధి చేస్తారు."

"దానికి తిండేం పెడతారు?"

"చక్కెర, ఉప్పులు."

"నాకొద్దన్న చక్కెర దానికి పెడతాండారా!"

"ఇంగేముందిమా, సూదేయను కాంపౌండర్‌ను పిలుస్తా" అని మహీధర్ లేచాడు.

"కూర్చో నాయనా. పందిది గాదు, సరే. వాడు పొద్దున్నే వచ్చి నన్ను ముట్టుకుంటే మడి యాడుంటాది? మళ్లా తలకు పోసుకోవాల. పూజ ఎప్పుడు, వంట ఎప్పుడు? ఒకనాడా? రోజూ అంటాండారే."

ఈ మాట ఆమె డాక్టరు దగ్గర అనలేదు. మహీధర్ అడగలేదు.

"ఎవురూ ముట్టుకోనక్కర్లేదవ్వా. నువ్వే ఏసుకోవచ్చు" అంది సంధ్య.

"నా చేత్తోనా?"

"నీ చేత్తోనే. పొట్ట మీద. నేను దూరంగా నిలబడి చూపిస్తా."

ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ పెన్ను తెచ్చి, సూది బిగించి, డాక్టరు రాసిన మోతాదుకు తిప్పి నేలమీద పెట్టింది. రంగనాయకమ్మ దానిమీద నీళ్లు చిలకరించి తీసుకుంది.

"నొప్పి పుడితే మీ నాయనను తిడతా."

"తిట్టు" అన్నాడు మహీధర్.

ఆమె సూది గుచ్చుకుని పెన్ను మీట నొక్కింది. సంధ్య చాలు అనేదాకా పెన్ను కదిలించలేదు. తర్వాత దేవుడి గదిలోకి వెళ్లింది.

సోమవారం ఉదయం కూడా ఆమే వేసుకుంది. వేలు నిలుస్తుందో లేదో డాక్టరు ఇంకా చెప్పలేదు.