సీసం కోపం

చొక్కా గుండీలు పెట్టుకోవడం అతని వల్ల కావడం లేదు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాడిన కాడలా వేలాడిపోతోంది. ఎడమ చేత్తో దాన్ని పైకెత్తి పట్టుకుని, వేళ్ళను గుండీ దాకా తోసి, కాజా దొరక్క మళ్ళీ జారిపోయేసరికి నోటికొచ్చిన బూతు తిట్టాడు. భార్య పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, కింది గుండీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెట్టసాగింది.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు.

"ఎవరూ పిలవలేదు. మెడ ఎత్తు," అంది ఆవిడ. చివరి గుండీ పెట్టి, చెయ్యి అక్కడే ఉంచింది. "డాక్టరమ్మ వెళ్ళొద్దంది కదా."

"పనికి కాదు. మాట్లాడి వచ్చేస్తా."

"నీకు మాట్లాడటం ఎప్పుడొచ్చింది? అరవటమేగా వచ్చింది!"

అతను అరవబోయి ఆగాడు. చెప్పులు వేసుకుని బయటపడ్డాడు.

పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం పలకల్ని కరిగించి దిమ్మెలు పోసే షెడ్డులో అతని పని. అక్కడ అందరూ అతన్ని చిటపట అంటారు. కరిగిన సీసంలో నీటిచుక్క పడితే ఎలా ఎగిరిపడుతుందో, చెవిన ఒక మాట పడితే ఇతనూ అలాగే ఎగిరిపడతాడని ఎవరో పెట్టిన పేరు. మొదట్లో అతను ఇలాంటివాడు కాడు. పెళ్ళైన కొత్తలో మామగారి నడకను మామగారి ముందే నడిచి చూపించి, ఆ పెద్దమనిషిని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించినవాడు. తర్వాత కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. నోట్లో ఎప్పుడూ తుప్పు రుచి. నిద్ర కరువైంది. వాటి వెనకే ఈ కోపం. తిండి చల్లారిందని కంచం గోడకేసి కొట్టాడు. సరదాగా ఏదో అన్నందుకు బావమరిది కాలరు పట్టుకున్నాడు. బావమరిది ఇక ఈ గుమ్మం తొక్కలేదు. తన ఖర్మ ఇంతేననుకుని ఆవిడ నోరు కుట్టేసుకుంది.

కిందటి వారం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అతని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. పళ్ళ మొదళ్ళ వెంట నీలిగీత. రక్తం తీయించి, ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"సీసమేదో సున్నమేదో ఒంటికి తెలీదమ్మా. కాల్షియం అంటామే, ఆ సున్నమే అనుకుని ఎముకల్లోకి రానిస్తుంది. ఇక అది అక్కడే ఏళ్ళ తరబడి కాపురం పెట్టేస్తుంది. రక్తం తయారయ్యే చోట ఇనుము అతుక్కోకుండా అడ్డం పడుతుంది. అందుకే ఈయనింతలా పాలిపోయాడు. నరాలు కబురు పంపుకోవాలన్నా సున్నమే కావాలి. అక్కడా ఇదే దూరుతుంది. కబురు చేతికి అందదు, మెదడుకేమో తప్పుడు కబుర్లు అందుతాయి. మరుపు, చిరాకు, కోపం, అన్నీ దాని పనే. కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. గుండె మీద భారం పడుతోంది. ఇక ఆ షెడ్డు వైపు వెళ్ళకూడదు."

భార్య మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. "అయితే ఇన్నేళ్ళూ నన్ను తిట్టింది నువ్వు కాదన్నమాట," అంది, పోయిన మనిషి తిరిగొచ్చినట్టు అతన్ని చూస్తూ.

ఆ మాట అతనికి ఊరటనివ్వలేదు. ఎవడో తన చొక్కా తొడుక్కుని, తన గొంతుతో, తన భార్యని ఇన్నేళ్ళూ ఏడిపించాడు. మరి తనెక్కడున్నట్టు?

లేవబోతూ డాక్టరమ్మని ఒక్కటే అడిగాడు. "కడుపుతో ఉన్నవాళ్ళు అక్కడ పని చేస్తే?"

"బిడ్డ ఎముకలకి తల్లి ఎముకల్లోంచే సున్నం కరిగి వెళ్తుంది," అంది డాక్టరమ్మ. "దాంతోపాటు ఇదీ వెళ్తుంది."

ఇవాళ షెడ్డులో అడుగు పెట్టగానే అతని కళ్ళు ఆ మనిషినే వెతికాయి. బ్యాటరీలు పగలగొట్టే అమ్మాయి. అతను చెల్లెమ్మా అని పిలుస్తాడు. ఎత్తుగా కనిపిస్తున్న కడుపుతో నేల మీద బాసింపట్టు వేసుకుని, సుత్తితో బ్యాటరీల డొక్కలు చీల్చి, వట్టి చేతులతో పలకలు లాగి గుట్ట పోస్తోంది. లాగినప్పుడల్లా బూడిదరంగు దుమ్ము లేచి ఆమె కనురెప్పల మీద వాలుతోంది. మాస్కులు లేక కాదు. తనిఖీవాళ్ళు వచ్చే రోజున బయటికొచ్చి, వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ బీరువాలోకి వెళ్తాయి. మిగతా రోజుల్లో విషానికి విరుగుడని తలో గ్లాసు పాలు పోస్తారు. ఆ గ్లాసును అదే చేత్తో పట్టుకుని, పెదాలకంటిన దుమ్ముతో సహా తాగడమే.

అతను తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. చల్లటి గాలి మొహానికి కొట్టింది. కిటికీలకి అద్దాలు, అద్దాలకి రబ్బరు అంచులు. ఈ గదిలోకి మాత్రం దుమ్ము రాదు.

"సార్, ఆ అమ్మాయిని ఇవాళే అక్కడ్నించి లేపండి. అందరికీ రక్తం పరీక్ష చేయించండి."

మేనేజరు ఫోన్లోంచి తలెత్తలేదు. "నీ రిపోర్టు సంగతి తెలిసిందయ్యా. సెలవు పెట్టి ఇంటి దగ్గర పడుకో."

"నా సంగతి కాదు. ఆ పిల్ల కడుపులో బిడ్డ సంగతి!"

"చూడు, ఎలా అరుస్తున్నావో." మేనేజరు జాలిగా నవ్వాడు. "ఇది నువ్వు అరుస్తున్నది కాదు. నీ ఒంట్లో సీసం అరుస్తోంది. మీ డాక్టరే చెప్పింది కదా? వెళ్ళు, కాస్త చల్లబడ్డాక మాట్లాడుకుందాం."

అతను వేలాడుతున్న తన చేతి వైపు చూసుకున్నాడు. చేతిని తిన్నారు, రక్తాన్ని తిన్నారు. ఇంట్లో నవ్వునీ మిగల్చలేదు. చివరికి కడుపు మండి అడిగితే ఆ మంట కూడా మా సరుకేనంటున్నారు. మేనేజరు మెడ పట్టుకోవాలనిపించింది. ఎప్పటిలా కళ్ళు చీకట్లు కమ్మలేదు, చెవుల్లో హోరు లేదు. తను ఏం చెయ్యాలో గాజులోంచి చూసినంత తేటగా కనిపించింది.

కొలిమి దగ్గరికి నడిచాడు. ఇనుప బాన నిండా సీసం కరిగి అద్దంలా నిలిచి ఉంది. దిమ్మెలు పోసేవాడు పొడుగు గరిటె అందులో ముంచి పట్టుకుని ఉన్నాడు. అతను వంగి, ఎడమ చేత్తో బర్నరు మీట కిందికి తిప్పాడు. మంట టప్పున ఆరిపోయింది.

"అన్నా! ఏం చేస్తున్నావ్? గడ్డకట్టేస్తుంది!"

"కట్టనీ. గరిటె వదిలెయ్."

వాడు అతని మొహంలోకి చూసి, వదిలేశాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చి కేకలు వేశాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు, పోలీసులన్నాడు. అతను మాత్రం అరవలేదు. మీటకి అడ్డంగా నిలబడి అమ్మాయి వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, లే. చేతులు కడుక్కుని ఇంటికెళ్ళు. రేపు డాక్టరమ్మ దగ్గరికి మా ఇంటిది తీసుకెళ్తుంది."

ఆమె మేనేజరు వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. సుత్తి కింద పెట్టి, నడుం పట్టుకుని లేచింది. సుత్తుల చప్పుళ్ళు ఒక్కొక్కటీ ఆగాయి. బాన మీద పొర కట్టి, మెరుపు చచ్చి, బూడిదరంగు తిరిగేదాకా అతను అక్కణ్ణించి కదల్లేదు.

మధ్యాహ్నానికే ఇల్లు చేరిన అతన్ని చూసి భార్య గుండెలు బాదుకుంది. "ఏం చేసొచ్చావయ్యా?"

జరిగింది చెప్పాడు. మేనేజరు నోరు చేపలా తెరుచుకుని ఉండిపోయిందని చెబుతుంటే ఆవిడకి నవ్వాగలేదు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వారు.

"కోపమొచ్చిందే," అన్నాడు. "బాగా వచ్చింది. కానీ ఈసారి నాకే వచ్చింది."

"పడుకో కాసేపు. మొహం చూడు ఎలా ఉందో."

చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ అతని చొక్కా విడిగా నానబెట్టి వచ్చి, తిండికి లేపబోయింది. భుజం మీద చెయ్యి వేసింది. అలాగే ఉంచి, పక్కన కూర్చుండిపోయింది. అతని గుండె ఆగింది. నిద్రలో ఉన్నవాణ్ణి లేపకుండానే ఆగింది.

మర్నాడు మేనేజరు పలకరింపుకి వచ్చాడు. చెప్పులు విప్పి, గొంతు తగ్గించి, "పాపం, ఆ విషం ఆయన్ని మనిషిగా ఉండనివ్వలేదమ్మా. నిన్న చేసింది కూడా దాని ప్రభావమే. మేమేం మనసులో పెట్టుకోలేదు," అన్నాడు.

ఆవిడ తలెత్తింది. పక్కన కూర్చున్న చెల్లెమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.

"కంచాలు విసిరింది మీ సీసం. మా తమ్ముడి కాలరు పట్టుకుంది మీ సీసం. అవన్నీ పట్టుకుపోండి. నిన్నటి కోపం మాత్రం మా ఆయనది. దాని జోలికొస్తే ఊరుకోను. లేవండి."

మేనేజరు లేచాడు.

బాన కింద మళ్ళీ మంట పెట్టడానికి ఆ వారం ఎవరూ ముందుకు రాలేదు. తాళం వేసిన షెడ్డులో, బండబారిన సీసం నడుమ, పిడి పైకి పెట్టి గరిటె నిటారుగా నిలబడి ఉంది.