ఆకునూనె, ఉత్తనూనె

నాలుగు చీరలు, కళ్ళజోడు, గుడ్డలో చుట్టిన కల్వం సంచిలో కుక్కేసరికి చెల్లెలికి ఆయాసం వచ్చింది.

"ఇది సంచా, పచారీ కొట్టా? మూడు నెలలకి వెళ్తున్నావా, కొత్త కాపురానికి వెళ్తున్నావా అక్కా?"

"నోరు మూసుకుని తాడు బిగించవే. దారిలో ఊడితే నువ్వొచ్చి ఏరతావా?"

వీధి వీధంతా ఆ అక్కను నూనె పెద్దమ్మ అనేది. వావిలాకు దంచి, ఆ రసాన్ని నువ్వులనూనెలో పోసి, చిటపటలు ఆగేదాకా సన్నని సెగ మీద కాచి, కీళ్ళనొప్పులవాళ్ళకి రుద్దడం ఆమె తల్లి దగ్గర నేర్చిన పని. నలభై ఏళ్ళుగా ఎందరి మోకాళ్ళో ఆ చేతుల్లో పడి లేచాయి. ఇప్పుడు పరిశోధన కేంద్రం నుంచి కబురొచ్చింది. ఆ ఆకులో నిజంగా గుణం ఉందా, ఊరికే నమ్మకమేనా, పరీక్ష పెట్టి తేల్చుకుందాం రమ్మన్నారు.

లేదని తేలితే? అమ్మ బతికినన్నాళ్ళూ జనానికి ఉత్తనూనె పూసినట్టేనా? ఆ ఆలోచన ముల్లులా గుచ్చుకుని, పెద్దమ్మకు వారం రోజులుగా ముద్ద దిగలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చెల్లెలి వంకే చూస్తూ కూర్చుంది. వెళ్ళేవాళ్ళని ఆఖరిదాకా చూడాలన్నది ఆమె పట్టింపు. ఈసారి వెళ్ళేది తనే అయినా అలవాటు పోలేదు.

కేంద్రంలో ఆమెకిచ్చింది రెండో అంతస్తులో పొడుగాటి గది. మైనపుగుడ్డ పరిచిన బల్ల, గోడగడియారం, చేతులు కడుక్కునే తొట్టి. డాక్టరమ్మ చిన్న వయసుదే గాని మాట ఖచ్చితం.

"పెద్దమ్మా, కీళ్ళనొప్పులున్న నలభై మందికి ఇవి నలభై సీసాలు. ఇరవైలో మీ నూనె. ఇరవైలో అదే రంగు, అదే వాసన కలిపిన ఉత్తనూనె. ఏది ఏదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నంబరు చూసి పూయడమే. మనిషికి సరిగ్గా పది నిమిషాలు. అంతా అయ్యాక ఉత్తనూనె వచ్చినవాళ్ళకి అసలుది ఇద్దాం."

పదిహేడో నంబరు హారన్ అన్నయ్యది. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి. మనిషి కన్నా ముందు గొంతు మెట్లెక్కి వచ్చేది కాబట్టి ఆ పేరు పడింది.

"చెల్లెమ్మా, మోకాలు పట్టేసింది. కాస్త గ్రీజు పెట్టు!"

"ముందు ఆ గొంతుకి సైలెన్సరు పెట్టించుకో అన్నయ్యా."

నూనె మోకాలికి రాయగానే పెద్దమ్మకు తెలిసిపోయింది. ఆకు కాచిన నూనె బొటనవేలి కింద కొంచెం పట్టుకుంటుంది. ఇది జారిపోతోంది. ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంత దూరం కుంటుకుంటూ వచ్చినవాడికి ఉత్తదా! గడియారంలో పది నిమిషాలు దాటినా చేతులు ఆగలేదు. ఆ తర్వాత జారే నూనె ఎవరికి వచ్చినా అంతే. పావుగంట, ఒక్కోసారి ఇరవై నిమిషాలు, పైన వేడినీళ్ళ గుడ్డ. పాపం అనుకుందే గాని, పరీక్షకు దెబ్బ అని తోచలేదు.

ఆరు వారాలు గడిచాయి. ఆఖరి శుక్రవారం హారన్ అన్నయ్య కమ్మీ పట్టుకోకుండా మెట్లు దిగి, కింద నుంచి అరిచాడు. "చూశావా చెల్లెమ్మా, టాపు గేరు!"

సోమవారం డాక్టరమ్మ ఏ సీసాలో ఏ నూనె ఉందో రాసిన కవరు విప్పి, లెక్కలు చూసి, నెమ్మదిగా చెప్పింది. "రెండు గుంపులకీ నొప్పి ఒకేలా తగ్గింది పెద్దమ్మా. అంటే ఆకులో ఏమీ లేనట్టే."

పెద్దమ్మ బల్ల పట్టుకుని నిలబడింది.

"తప్పు ఆకుది కాదు తల్లీ. నాది." ఉన్నదంతా కక్కేసింది.

"పది నిమిషాలే అని చెప్పాను కదండీ!"

"చెప్పావు. కుంటేవాణ్ణి చూస్తే ఈ చేతులకి చెవుడు."

చేతికే తేడా తెలిసిపోతుందంటే డాక్టరమ్మ నమ్మలేదు. ఆమె కళ్ళకి గుడ్డ కట్టి, పది గిన్నెల్లో నూనె పోసి ముందు పెట్టింది. పెద్దమ్మ ఒక్కో చుక్కా మోచేతి మీద రుద్ది, ఇది ఆకు, ఇది ఉత్తది అంటూ పోయింది. పదికి పదీ సరిపోయాయి. డాక్టరమ్మ తల పట్టుకుని నవ్వేసింది.

"ఇంత పెద్ద మిషన్లెందుకు, మీ బొటనవేలు చాలు. కానీ ఇదేదీ చెల్లదు పెద్దమ్మా. మూడు వారాలు ఆగి, ఎవరికి ఏ నూనె అన్నది కొత్తగా చీట్లు తీసి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఈసారి ఎవరి నూనె వాళ్ళే ఇంట్లో పూసుకుంటారు. మీరు ముట్టుకోకూడదు."

పెద్దమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఇన్నాళ్ళూ పనిచేసింది ఆకా, చేతులా? అయినా చేతులు వెనక్కి కట్టుకుని, "కానివ్వు తల్లీ. తేలాల్సింది అదేగా," అంది.

రెండో విడత ముగిసేసరికి ఉత్తనూనె వాళ్ళకి నొప్పి పదింట ఒక వంతు తగ్గింది. ఆకునూనె వాళ్ళకి పదింట మూడు వంతులు తగ్గింది.

"చిన్న పరీక్ష. ఇప్పుడే పెద్ద మాటలు మాట్లాడకూడదు. కానీ ఆకులో ఏదో ఉంది పెద్దమ్మా," అంది డాక్టరమ్మ.

పెద్దమ్మ ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిని, చెల్లెలికి ఫోను చేసింది. "అమ్మ పూసింది ఉత్తనూనె కాదే!"

"నాకెప్పుడో తెలుసు. నీకే కాగితం మీద రాసివ్వాల్సొచ్చింది," అంది చెల్లెలు.

రెండో విడతలో ఉన్నది ముప్పై తొమ్మిది మందే. హారన్ అన్నయ్య తిరిగి రాలేదు. మధ్యలో ఆగిన మూడు వారాల్లో, రెండో ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.