గీత ఒకచోట, పువ్వు ఒకచోట

నేను ఒక టేకు అచ్చును. బందరులో అద్దకందారు జగ్గప్ప నన్ను తన చేత్తో చెక్కాడు. నాకొక జోడీ ఉండేది. నేను బట్ట మీద పువ్వు గీతను నల్లగా వేస్తే, అది గీత లోపల పటిక నీళ్ళు అద్దేది. ఆ బట్టను చిరువేరుతో ఉడికిస్తే పటిక తగిలినచోటల్లా ఎర్రబడేది. ఎన్ని ఉతుకులకూ వెలిసిపోని ఎరుపు! నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, ఆ పువ్వు కోసం సముద్రాలు దాటి వచ్చారు.

ఒకరోజు జగ్గప్ప నన్ను చంకలో పెట్టుకుని రేవుకు వెళ్ళాడు. డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి జెండాలతో ఓడలు! ఒక్కోటి ఊరంత ఉంది. ఇంత కర్ర నీటి మీద ఎలా నిలుస్తోందా అని, కర్రనై ఉండి నేనే నోరు తెరిచాను.

"గుడ్డ కోసం ఇంత దూరం వచ్చారా సామీ?" అని జగ్గప్ప దుబాసీ సాంబన్నను అడిగాడు.

"ఈ గుడ్డ తీసుకెళ్ళి తూర్పు దీవుల్లో ఇస్తే లవంగాలిస్తారోయ్. ఈ ఓడలోళ్ళ దేశాల్లో లవంగమంటే బంగారమే. అందుకే మన రేవూ కావాలి, ఆ దీవులూ కావాలి, నడుమ సముద్రమూ కావాలి."

"ముగ్గురూ పంచుకోవచ్చుగా?"

సాంబన్న నవ్వాడు. "తను పట్టుకోకపోతే పక్కోడు పట్టుకుంటాడని ఒక్కొక్కడికీ భయం. ఆ భయంతోనే కోటలు కడతన్నారు."

ఆ భయం మా గుమ్మంలోకీ వచ్చింది. ఒక కంపెనీ వాళ్ళు (పేరెందుకులెండి, అందరిదీ ఒకటే తీరు) తమకు తప్ప ఎవరికీ అద్దకూడదన్నారు. "అడిగినోళ్ళందరికీ అద్దుతామయ్యా, మా తాతల కాణ్ణించీ అంతే" అన్నాడు జగ్గప్ప. మర్నాడు సిపాయిలు వచ్చి నన్ను పట్టుకుపోయారు. పువ్వంతా నాలోనే కనిపించింది కాబోలు, నా జోడీని కట్టెముక్క అనుకుని వదిలేశారు.

"అది లేకపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదయ్యా!" అని జగ్గప్ప వాళ్ళ కాళ్ళ మీద పడ్డాడు.

పోనీ, నాతో అద్దకమేమైనా వేయించారా? గిడ్డంగిలో పడేసి తాళం వేశారు. ఎదుటివాడికి దక్కకపోతే వాళ్ళకదే లాభమట. తర్వాత ఆ ఎదుటివాళ్ళు ఫిరంగులు పేల్చి గిడ్డంగిని పట్టుకున్నారు. వాళ్ళూ తాళమే వేశారు. ఒక చెక్కముక్కను వాడకుండా ఉంచడానికి ఇన్ని ఓడలా, ఇంత మందుగుండా అని విస్తుపోయాను. చివరికి ఎవరి సామానుతోనో ఓడెక్కి ఇక్కడికి చేరాను.

ఇది చలిదేశపు మ్యూజియం. అద్దాల పెట్టెలో ఉన్నాను. జగ్గప్ప పొయ్యి వెలిగిందో లేదో అన్న దిగులు మాత్రం నన్ను వదల్లేదు.

మొన్న అద్దకం పని చూపించడానికి మా బందరు పక్కనున్న పెడన నుంచి నాంచారమ్మ అనే ఆమె వచ్చింది. తను అద్దిన బట్ట పరిచింది. దాని నిండా గీత లేని ఎర్రపువ్వులు. నా ప్రాణం లేచొచ్చింది.

"వీటికి అంచు గీత లేదేమండీ?" అని చూడ్డానికి వచ్చిన తెలుగావిడ ఒకరు అడిగారు.

"మా ఇంటి పువ్వు ఇంతేనమ్మా. అచ్చు అరిగినప్పుడల్లా పాతదాన్ని చూసే కొత్తది చెక్కుకుంటాం. మా పెద్దోళ్ళ కాణ్ణించీ మాకిదే కూడు పెడతంది."

అంటూనే ఆమె ఇటు తిరిగింది. నన్ను చూసి ఆగిపోయింది. బట్టను బోర్లించి నా అద్దానికి ఆనించింది. రేకుకు రేకు సరిపోయింది.

"ఓయమ్మో! మా పువ్వుకి గీత ఉందే! ఇన్నాళ్ళూ ఇక్కడుందా!"

ఆమె వేలితో అద్దం మీదే నా గీతను దిద్దింది. మా మధ్య అద్దం ఉంది. ఉంటే ఉండనీ, జగ్గప్ప పొయ్యి ఆరలేదు.